తెలియదు గడిలో టిక్కు

విశ్వాసమ్మకు తెలియనిది ఆ ఆసుపత్రిలో లేదు. ఆడవాళ్ల సర్జికల్ వార్డులో పనిచేసే వాళ్లంతా అలాగే అనుకునేవాళ్లు. ఆమె కూడా వాళ్ల మాట కాదనేది కాదు. కడప ఊరు దాటి రాయచోటి రోడ్డు పట్టాక, నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీల దుమ్ము కిటికీ ఊచల మీద తెల్లగా పేరుకునే ఆ మిషన్ ఆసుపత్రిలో ఆమెకిది ముప్పై ఒకటో ఏడు. నరం దొరకని ముసలి చేతిలో నరం పట్టడం ఆమెకు తెలుసు. కొత్త డాక్టరు మందు మోతాదు ఎక్కువ రాస్తే, ఆయన పరువు పోకుండా చీటీ వెనక్కి పంపడం తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి ఏ జవాబు వింటే సంతోషపడి టిఫిను వైపు నడుస్తాడో అది ఇంకా బాగా తెలుసు. చిన్న నర్సుల ముందు ఆమె నోట ‘తెలియదు’ అన్న మాట ఇంతవరకు ఎవరూ వినలేదు.

అందుకని రెండు వేల ఎనిమిది మే నెలలో ఒక సోమవారం పొద్దున, కర్నూలు నుంచి ఎమ్మెస్సీ నర్సింగ్ చదివే ఉదయశ్రీ అనే అమ్మాయి ఫారాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చి నిలబడితే, విశ్వాసమ్మ ఏమాత్రం తొణకలేదు.

“మా కాలేజీ ప్రాజెక్టు సిస్టర్. పేర్లు రాయాల్సిన పని ల్యా. ఎవురిది వాళ్లు నింపితే శాలు,” అంది ఉదయశ్రీ, చెమట తుడుచుకుంటూ.

ఫారం పైన ‘ఎల్.జి.బి.టి. రోగుల పట్ల నర్సుల అవగాహన, వైఖరి’ అని ఉంది. విశ్వాసమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. ఎల్.ఎఫ్.టి. అంటే లివరు పరీక్ష. ఇదీ ఆ కోవలోదే, కర్నూలులో కొత్తగా దిగిన పరీక్ష ఏదో అయ్యుంటుందనుకుంది. కింద తెలుగులో రాసింది చదివాక సంగతి అర్థమైంది గానీ ముఖంలో ఏమీ కనబడనీయలేదు.

ముఖంలో చూపించే పని జెస్సీ చేసింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని పిల్ల. “ఆడోళ్లు ఆడోళ్లను ఇష్టపడేది, మొగోళ్లు మొగోళ్లను ఇష్టపడేది, హిజ్రాలు... ఓయమ్మ, సిస్టర్, ఇదేంది ఇట్ల అడుగుతాండారు!” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

“గమ్మునుండు జెస్సీ. నింపమంటే నింపాల. నవ్వమని యాడా రాయలే,” అంది విశ్వాసమ్మ.

అవగాహనకు ముప్పై ప్రశ్నలు. ఒక్కోదానికి అవును, కాదు, తెలియదు అని మూడు గడులు. ఆ తర్వాత వైఖరికి పది. విశ్వాసమ్మ పెన్ను పట్టుకుందంటే ఆగదు. మూడో గడి వైపు ఒక్కసారి కూడా పోలేదు. ఆరో ప్రశ్న, హిజ్రాలు మగ అవయవం తీసేయించుకునే నిర్వాణం ఆపరేషన్ గురించి మీకు తెలుసా అని. అవును. పద్నాలుగో ప్రశ్న, అలాంటి రోగిని ఏ వార్డులో ఉంచాలో మొదట ఆ రోగినే అడగాలా అని. అవును అని టిక్కు పెట్టి, మళ్లీ ఆలోచించి, రోగుల్ని అడిగి వార్డులిస్తే ఇక ఆసుపత్రి నడిచినట్టే అనుకుని, దాన్ని కొట్టేసి కాదు అని పెట్టింది. చివరిది, అలాంటి రోగికి సేవ చేయడానికి మీకేమైనా అభ్యంతరమా అని. ‘ఏ అభ్యంతరమూ లేదు’ అన్న గడిలో పెన్ను గట్టిగా నొక్కింది.

“దేవుని ముందర అందరూ ఒకటే పాపా,” అంది ఉదయశ్రీతో. ఆ మాట ఊరికే అనలేదు, మనసారా నమ్మే అంది.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. ఏటా పెట్టే పరీక్షలో సిస్టర్ కాగితం ముందు పూర్తవుతుంది. తర్వాత అది చేతులు మారుతూ మందుల బల్ల చుట్టూ తిరుగుతుంది. అది కాపీ కొట్టడమని ఎవరూ అనుకోరు. పెద్దామె కంటే ఒక మార్కు ఎక్కువ తెచ్చుకోవడం అమర్యాద, తక్కువ తెచ్చుకోవడం వార్డుకు అప్రదిష్ట. కాబట్టి అరగంటలో పదకొండు ఫారాలు సిద్ధమయ్యాయి. జెస్సీ అయితే పద్నాలుగో ప్రశ్నలో సిస్టర్ పెట్టిన కొట్టివేతను కూడా శ్రద్ధగా దించుకుంది. ఎందుకు కొట్టేశారో తనకెందుకు, సిస్టర్ కొట్టేశారంటే కారణం ఉండే ఉంటుంది.

“శుక్రవారం మళ్లా వొస్తా సిస్టర్,” అని ఉదయశ్రీ కట్ట కట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆమె గేటు దాటిందో లేదో, వార్డు తలుపు దగ్గర స్ట్రెచర్ చక్రాలు కిర్రుమన్నాయి.

స్ట్రెచర్ మీద చిలకపచ్చ చీర. చేతికి అరడజను గాజులు, నుదుట రూపాయంత బొట్టు. మోకాలి కింద నుంచి పాదం దాకా తడి ఆరని పిండికట్టు. పక్కనే సంచీ పట్టుకుని, తల నెరిసిన ఇంకొకామె, ఈరక్క. ఇద్దరూ హిజ్రాలని చూడగానే తెలిసిపోతూనే ఉంది. వార్డు బాయ్ అందించిన చీటీలో మాత్రం ‘శివన్న, 38, పు’ అని ఉంది.

“మొగోళ్ల వార్డులో వొద్దంటాండారు సిస్టర్. చీర గట్టినోళ్లకు ఈడేం పని అని ఈడికి తోలిరి,” అన్నాడు వార్డు బాయ్.

“మెస్సులో వంట జేస్తాది సిస్టరమ్మా,” అంది ఈరక్క ముందుకొచ్చి. “తెల్లారుజామున గిన్నెలు కడిగే కాడ తడి నాపరాయి మింద జారె. దీని పేరు పార్వతి.”

విశ్వాసమ్మ చీటీ వైపే చూసింది. మనిషి కంటే చీటీని చూడటం సులభం. “ఈడ మొగోడు అని రాసినారే. అయినా నా వార్డులో మంచం ఖాళీ ల్యా,” అంది.

పదకొండో మంచం కిటికీ పక్కన ఉంది. దాని మీద ఉతికిన దుప్పటి ఏడు గంటలకు విశ్వాసమ్మే స్వయంగా పరిచి, నాలుగు మూలలూ ముడత లేకుండా పరుపు కిందికి దోపింది. జెస్సీ చూపు ఆ మంచం మీదికి వెళ్లి, వెంటనే వెనక్కి వచ్చేసింది.

అలా ఆ స్ట్రెచర్ రెండు వార్డులకూ నడుమ నడవలో, మంచినీళ్ల డ్రమ్ము పక్కన ఆగింది. నీళ్లకు వచ్చినవాళ్లంతా గ్లాసు ముంచడానికి ఒక నిమిషం, చూడటానికి రెండు నిమిషాలు తీసుకున్నారు.

*

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారే ముందు విశ్వాసమ్మ ఒక చుట్టు తిరుగుతుంది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. నడవలో గాలి కొలిమి దగ్గరి గాలిలా ఉంది. స్ట్రెచర్ పక్క స్టాండుకు వేలాడే సెలైన్ సీసా మీద ఆమె కన్ను పడింది. సీసాకు నిలువునా అంటించిన ప్లాస్టరు పట్టీ మీద జెస్సీ గంటలు రాసింది. పది, పదకొండు, పన్నెండు, ఒంటిగంట. నీరు పదకొండు గీత దగ్గరే నిలబడిపోయింది.

“జెస్సీ!” ఆ పిలుపుకు జెస్సీ పరుగున వచ్చింది. “ఈ బాటిలు పెట్టి నాలుగు గంటలాయె. నువ్వు చుక్కలు లెక్కబెట్టినావా, లేక కిటికీలో పోయే బస్సులు లెక్కబెట్టినావా?”

“నిమిషానికి ముప్పై పెట్టినా సిస్టర్! దేవునితోడు!” జెస్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆ పాపను తిట్టద్దు సిస్టరమ్మా,” అంది స్ట్రెచర్ మీది గొంతు. “నేనే బిగించినా.”

గొట్టం మీది చిన్న చక్రం పూర్తిగా కిందికి తిప్పి ఉంది.

“నువ్వు...” విశ్వాసమ్మ ఆగింది. ఈ సీమలో మాట మొదలు పెట్టాలంటే అప్పా అనైనా అనాలి, అమ్మా అనైనా అనాలి. ఆమెకు ఏదీ నోట రాలేదు. “ఎందుకు బిగించినట్ల?”

పార్వతి నవ్వింది. పెదాలు చీలి ఉన్నాయి. “లోపలికి పోయింది బయటికి రావాల గదా సిస్టరమ్మా. వొస్తే ఎవురిని అడగాల? పొద్దున ఆడోళ్ల వార్డు ఆయాను పిలిస్తే, మొగోళ్ల వార్డులో అడుక్కో అనె. ఆ వార్డు ఆయప్పను పిలిస్తే నవ్వుకుంటా పాయె. ఇంతమంది ముందర ఈడ ఎట్ల? అందుకే బిగించుకున్యా. అదీ వొద్దు, ఇదీ వొద్దు.”

ఈరక్క తెచ్చిపెట్టిన నీళ్ల సీసా తల పక్కనే ఉంది. మూతకున్న సీలు కూడా తెగలేదు.

విశ్వాసమ్మ చెయ్యి తనంతట తనే వెళ్లి పార్వతి ముంజేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. పట్టిన చోట అది మడతగానే నిలబడి, నిదానంగా కిందికి దిగింది. నాలుక చూపమంది. ఎండిన రేగుపండు తోలులా ఉంది. వేసవిలో నీళ్లు లేక ఆసుపత్రికి వచ్చేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తోంది ఆమె. ఆసుపత్రిలోనే, నీళ్ల డ్రమ్ము పక్కనే, తన వార్డుకు పది అడుగుల దూరంలో ఒక మనిషిని నీళ్లు లేకుండా పడుకోబెట్టడం ఇదే మొదటిసారి. పడుకోబెట్టింది ఎవరో కాదు, తనే. ఆ సంగతి ఒంట్లోకి దిగేసరికి ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

అప్పుడే ఎముకల డాక్టరు రాఘవేంద్రప్రసాద్ రక్తం రిపోర్టు ఊపుకుంటూ వచ్చాడు. “సిస్టర్, ఈ క్రియాటినిన్ చూడండి. ఒంట్లో నీళ్లే లేవు. ఇట్లుంటే మత్తు ఇయ్యలేం. గురువారం ప్లేటు వేయకపోతే ఎముక వంకరగా కూడుకుంటాది. ఇంక పొయ్యి ముందర నిలబడి వంట జేసేది మర్చిపోవాల్సిందే. ఏ వార్డులో పెడతారో మీ ఇష్టం. గురువారానికి నాకు నీళ్లు తాగిన మనిషి కావాల,” అని అంతే వేగంగా వెళ్లిపోయాడు.

పార్వతి నవ్వు ఆగిపోయింది. “వంట జెయ్యకుంటే నేనేం జెయ్యాల సిస్టరమ్మా,” అంది మెల్లగా. “చప్పట్లు కొట్టి అడుక్కునేది ఇడిసిపెట్టి పదేండ్లాయె.”

విశ్వాసమ్మ చక్రం పైకి తిప్పింది. గొట్టం పైనున్న చిన్న బుడ్డిలో చుక్క పడింది, ఇంకో చుక్క పడింది.

“జెస్సీ, పదకొండో మంచం సర్దు.”

“సర్దే ఉండాది గదా సిస్టర్,” అని, అన్నాక నాలుక కరుచుకుంది జెస్సీ.

*

స్ట్రెచర్ వార్డులోకి రాగానే పది మంచాల మీది తలలూ ఇటు తిరిగాయి. పదో మంచం మీద అలివేలమ్మ. పిత్తాశయంలో రాళ్లు తీసి రెండు రోజులైంది. ఆమె భర్త వెంకటరమణయ్యకు ఊళ్లో బట్టల కొట్టు ఉంది. ఆ కొట్టును కొడుక్కు అప్పగించి, పొద్దున ఎనిమిది నుంచి దీపాలు పెట్టే వేళ వరకు భార్య మంచం పక్క స్టూలు మీద పేపరు పట్టుకుని కూర్చుంటాడు. భార్య మీద ప్రేమ ఉన్నవాడే, కాకపోతే ఆ ప్రేమకు కొంచెం స్థలం ఎక్కువ కావాలి.

ఆయన లేచి నిలబడ్డాడు. “సిస్టరమ్మా, ఇది ఆడోళ్ల వార్డు. మా ఇంటామె పక్కన ఇట్లాంటోళ్లను తెచ్చిపెడితే ఎట్ల? మర్యాదస్తులు ఉండే చోటు.”

విశ్వాసమ్మ స్ట్రెచర్‌ను పదకొండో మంచం వైపు తిప్పింది. పొద్దున తనూ దాదాపు ఆ మాటే అంది, కాకపోతే నెపం మంచం మీద పెట్టి అంది.

“ఏమండీ,” అంది అలివేలమ్మ తలగడ మీంచి. గొంతు నీరసంగా ఉన్నా మాట స్పష్టంగా ఉంది. “ఇది ఆడోళ్ల వార్డని మీకు గుర్తుండాదా?”

“అదే గదా నేను చెప్పేది!”

“అయితే ఈ వార్డులో మొగోళ్లు ఎంతమంది ఉండారో ఒకసారి లెక్కబెట్టండి.”

వెంకటరమణయ్య తల తిప్పి నిజంగానే వార్డంతా చూశాడు. వ్యాపారస్థుడు, లెక్కబెట్టమంటే లెక్కబెట్టకుండా ఉండలేడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, తన చొక్కా దగ్గర ఆగాడు.

“మీరొక్కరే,” అంది అలివేలమ్మ. “రెండు దినాల నుంచి చూస్తాండా, మీరు ఆ స్టూలు మీంచి లేస్తే గదా నేను బెడ్‌ప్యాన్ అడిగేది! మీరు ఎప్పుడు కాఫీకి పోతారా అని కడుపు పట్టుకొని పండుకొని ఉండా. నేనే గాదు, ఆ ఆరో మంచం ముసిలామె గూడా. ఆయమ్మ ఉండనీ. మీరు బయటికి పోండి.”

ఆరో మంచం ముసలామె “నిజమే తల్లీ!” అని చేతులు జోడించేసరికి, పది మంచాలూ ఒక్కసారి పకపకమన్నాయి. జెస్సీ సెలైన్ స్టాండు పట్టుకుని ఊగిపోయింది. స్ట్రెచర్ మీద పార్వతి కొంగు నోట్లో కుక్కుకుంది.

“నవ్వించద్దండి నాయనా, కుట్లు పీకుతాండాయి,” అని అలివేలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

వెంకటరమణయ్య పేపరు మడిచి, స్టూలు తీసుకోబోయి, వద్దనుకుని, ఖాళీ చేతులతో బయటికి నడిచాడు. స్ట్రెచర్ తీసేసిన చోట నడవలో ఒక బెంచీ వేసి ఉంది. దాని మీద, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. నీళ్లకు వచ్చినవాళ్లు ఇప్పుడు ఆయన్ను చూడటం మొదలుపెట్టారు.

సాయంత్రం ఆఫీసు గుమాస్తా దావీదురాజు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. “సిస్టర్, ఓటరు కార్డులో శివన్న, పు. మీ వార్డు పుస్తకంలో పార్వతి అని రాసినారు. ఫైలు ఎట్ల కట్టాల?”

“ఫైలు నువ్వు శివన్న పేరుతో కట్టుకోప్పా,” అంది విశ్వాసమ్మ. “మంచం మాత్రం పార్వతిది.”

మూడు రెక్కల తెర పదకొండో మంచం చుట్టూ నిలబడింది. పార్వతి నీళ్ల సీసా సీలు తెంచింది. సగం సీసా ఒక్క గుక్కలో తాగి, మిగతాది ఆగి ఆగి తాగింది. విశ్వాసమ్మ డ్యూటీ ముగిసి గంటలు గడిచినా ఇంటికి వెళ్లలేదు. తెర వెనక నుంచి సన్నగా “సిస్టరమ్మా” అని పిలుపు వినబడేదాకా అక్కడే మందుల బల్ల తుడుస్తూ ఉంది. పిలుపు రాగానే ఆయాను లేవనీయకుండా తనే వెళ్లింది. కొలపాత్రలో చూసింది. మూడు వందల మిల్లీ. రంగు ఇంకా టీ డికాక్షన్‌లా ఉంది గానీ, వచ్చిందంటే చాలు. ఆ అంకెను చార్టులో రాస్తూ ఆమె తనలో తను నవ్వుకుంది. తన జీవితంలో మూత్రం చార్టు చూసి ఇంత సంతోషపడతానని ఎన్నడూ అనుకోలేదు.

*

బుధవారం సాయంత్రానికి రక్తం రిపోర్టు బాగుపడింది. మర్నాడు పొద్దున ఆపరేషన్. రాత్రికి మూత్రం గొట్టం వేసి సిద్ధం చేయాలి. డ్యూటీ ముగిసినా విశ్వాసమ్మ, జెస్సీ ఆగిపోయారు. జెస్సీ ట్రే సర్దింది. చేతి తొడుగులు, దూది, పదహారో నెంబరు గొట్టం. సర్దాక ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“సిస్టర్, మొగోళ్లకైతే వార్డు బాయ్ ఏస్తాడు. ఆడోళ్లకైతే మనమేస్తాం. ఈమెకు ఎట్ల? ఆ నిర్వాణం ఆపరేషన్ అయినోళ్లకు లోపల ఎట్లుంటాదో మీకు తెలుసు గదా, చెప్తే నేను ఏస్తా.”

సాయంత్రం డ్యూటీ నర్సులిద్దరు కూడా దగ్గరికి జరిగారు. విశ్వాసమ్మకు ఆరో ప్రశ్న గుర్తొచ్చింది. అవును అని పెట్టిన టిక్కు కళ్ల ముందు కదిలింది. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పేయవచ్చు. ఆమె చెబితే వాళ్లు నమ్ముతారు. నమ్మి, వెళ్లి, ఆ పదహారో నెంబరు గొట్టాన్ని తోస్తారు.

“నాకు తెలీదు,” అంది విశ్వాసమ్మ.

జెస్సీ ట్రే మీంచి తలెత్తింది. “తెలీదా సిస్టర్?”

“తెలీదు. మనకెవురికీ ఎవురూ చెప్పలే. ఆమెకు తెలుసు. పా, ఆమెనే అడుగుదాం.”

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. పైకప్పు ఊడి మీద పడలేదు. నర్సులెవరూ నవ్వలేదు. పైగా మెడ మీంచి ఏదో మూట దించినట్టుంది.

తెర లోపల విశ్వాసమ్మ స్టూలు లాక్కుని, పార్వతి కళ్లకు తన కళ్లు సమానంగా ఉండేలా కూర్చుంది. “ఏమ్మా పార్వతీ,” అంది. ఆ ‘అమ్మా’ ఈసారి వెతుక్కోకుండానే వచ్చింది. “రేపటికి గొట్టం ఏయాల. నీ ఒళ్లు సంగతి మాకు తెలీదు. నువ్వు చెప్తే, నీకు నొప్పి ల్యాకుండా చేస్తాం. చెప్పేది ఇష్టం లేకుంటే డాక్టరుతో ఒంటరిగా చెప్పుకో.”

పార్వతి చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. వేళాకోళం ఏమైనా ఉందేమోనని వెతికింది కాబోలు. లేదని తెలిశాక ఆమె ముఖమంతా విచ్చుకుంది.

“నిర్వాణమైన ఈ పదైదు ఏండ్లలో శానామంది డాక్టర్లు చూసినారు సిస్టరమ్మా నన్ను. తెలిసినట్టే చూసిరి, తెలీకుండానే పంపిరి. ఒకరన్నా అడుగుతారేమో అని చూస్తి. అడిగినోళ్లు మీరే.” గొంతు సవరించుకుని, పాఠం చెప్పే పంతులమ్మలా వేలెత్తింది. “ముందు ఆ లావు గొట్టం అవతల పెట్టండి. అది పోదు. ఒకతూరి వేరే ఊర్లో బలవంతంగా తోసిరి, మూడు దినాలు రగతం పోయె. దావ సన్నగా ఉంటాది. సన్నది తెచ్చుకోండి, చెప్తా.”

జెస్సీ ట్రే పక్కన పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీసింది. పార్వతి చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. నవ్వు రాలేదు, సిగ్గూ రాలేదు. మధ్యలో రెండు సందేహాలు కూడా అడిగింది. పార్వతి ఓపికగా జవాబిచ్చి, “ఈ పాపకు పట్టు తెలిసె,” అని విశ్వాసమ్మతో అంది. పదహారో నెంబరు పోయి పన్నెండో నెంబరు వచ్చింది. విశ్వాసమ్మ కబుర్లు చెబుతూనే రెండు నిమిషాల్లో పని ముగించింది.

“అయిపాయెనా?” అంది పార్వతి నమ్మలేనట్టు.

“అయిపాయె.”

“ఇంత సులభమా సిస్టరమ్మా ఇది!” పార్వతి కళ్లు ఒత్తుకుంది. నవ్వుతూనే ఒత్తుకుంది.

తెర బయట నుంచి అలివేలమ్మ గొంతు వచ్చింది. “ఏమ్మే పార్వతీ, నీకు పొద్దున పూలు కావాల్నా? మా ఆయన్ను మూరడు తెమ్మంటా. బెంచీ మింద ఊరికే కూసోని ఉండాడు.”

*

గురువారం ప్లేటు పడింది. మత్తు దిగాక పార్వతి అడిగిన మొదటి మాట, “నిలబడి పోపు ఏస్తానా సారూ?” రాఘవేంద్రప్రసాద్, “మూడు నెలలు ఆగి ఏయి. మాకూ ఒక డబ్బా పంపీ,” అన్నాడు. శుక్రవారం పొద్దున గొట్టం తీసేశారు. నీళ్లు బాగా తాగాలని విశ్వాసమ్మ గట్టిగా చెప్పింది. మల్లెపూలు వచ్చాయి. వెంకటరమణయ్య వాటిని గడప దగ్గర జెస్సీ చేతికిచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగాడు.

పదింటికి ఉదయశ్రీ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. మందుల బల్ల మీద పదకొండు ఫారాలు పరిచింది.

“సిస్టర్, తప్పుగా అనుకోవద్దు. అవగాహనలో అందరికీ ముప్పైకి ఇరవై ఏడు. ఒక్క టిక్కు తేడా ల్యా. పద్నాలుగోదాంట్లో కొట్టివేత గూడా అందరిదీ ఒకే చోట ఉండాది. మా మేడమ్ చూసి, నువ్వే ఒక చెట్టు కింద కూసోని నింపినావా అని తిట్టిరి.”

నర్సులు ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు. చివరి గడిలో పెన్ను గట్టిగా నొక్కిన గుర్తు చూసి విశ్వాసమ్మ తన ఫారం తీసుకుంది. వరసగా పైనుంచి కింది దాకా నిటారుగా నిలబడ్డ టిక్కులు. నాలుగు రోజుల కిందట అవి ఆమెకు గర్వంగా కనబడ్డాయి.

“ఖాళీ ఫారం ఒకటి ఇయ్యి పాపా.”

అందరూ చూస్తుండగా బల్ల ముందు కూర్చుంది. ఈసారి పెన్ను నిదానంగా నడిచింది. రెండో ప్రశ్న, తెలియదు. మూడు, తెలియదు. ఆరు దగ్గర ఆగి, ‘కొంచెం తెలుసు, బుధవారం నుంచి’ అని పక్కన రాసింది. ఏడు, ఎనిమిది, తెలియదు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి కాపురం చేస్తూ, ఒకరికి జబ్బు చేస్తే సంతకం ఎవరు పెట్టాలన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆలోచించి, తెలియదు అని పెట్టి, కనుక్కోవాలి అని చేర్చింది. ఆ మూడో గడి ఇన్నాళ్లు ఎవరూ అడుగుపెట్టని గదిలా ఉండేది. తలుపు తీసి చూస్తే లోపల గాలి బాగానే ఉంది.

“అయిందా సిస్టర్?” అలవాటు కొద్దీ జెస్సీ చెయ్యి చాచింది.

విశ్వాసమ్మ ఫారం మీద అరచెయ్యి కప్పేసింది. “నీది నువ్వు నింపుకో.”

జెస్సీ బిత్తరపోయి, ఒక ఫారం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఒక్కొక్కరే ఒక్కో మూలకు సర్దుకున్నారు. ఒకామె మందుల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ వార్డు చరిత్రలో నర్సులు విడివిడిగా కూర్చుని పరీక్ష రాయడం అదే మొదలు.

విశ్వాసమ్మ పద్నాలుగో ప్రశ్న దగ్గర అవును అని పెట్టింది. కొట్టివేత లేదు. చివరి ప్రశ్న వచ్చింది. ఏ అభ్యంతరమూ లేదు అన్న గడి మీద పెన్ను మొన ఆగింది. ఇప్పుడైతే అది నిజమే. కానీ సోమవారం కూడా నిజమనే అనుకుంది కదా. ఆమె ఆ గడిని అలాగే వదిలి, పక్కనున్న ఇరుకు జాగాలో సన్నటి అక్షరాలతో రాసింది: ‘సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు, పదకొండో మంచం ఖాళీగా ఉండగా, లేదన్నాను.’ కింద సంతకం కూడా పెట్టింది.

ఉదయశ్రీ ఆ వాక్యం చదివి, మళ్లీ చదివి, నెమ్మదిగా అంది: “సిస్టర్, ఇక్కడ టిక్కు మాత్రమే పెట్టాల. రాసేదానికి స్థలం ల్యా.”

“స్థలం ల్యా అనే మాట నా దగ్గర అనొద్దు పాపా,” అంది విశ్వాసమ్మ. “ఆ మాటతోనే వొచ్చింది ఈ తంటా అంతా. పేరు గూడా తీసేయొద్దు. ఉండనీ.”

ఉదయశ్రీ పెన్సిలుతో లెక్క వేసింది. ఇంకోసారి వేసింది. పెదవి కొరుక్కుంటూ పైకి చూసింది. “ముప్పైకి పన్నెండు సిస్టర్.”

“అంటే ఫెయిలేనా?”

“ఫెయిలే సిస్టర్.”

“పోనీలే, మళ్లా రాస్తా,” అంది విశ్వాసమ్మ. ఉదయశ్రీకి నవ్వు ఆగలేదు. విశ్వాసమ్మకూ ఆగలేదు. కిటికీ దగ్గర నుంచి జెస్సీ, “సిస్టర్, నాకెన్ని వొస్తాయో! నాకు ఆరోది మొత్తం తెలుసు, పుస్తకంలో రాసుకున్యా!” అని అరిచింది.

ఆ అరుపును మించిపోతూ, తెర అవతల నుంచి, పెళ్లి భోజనాల్లో వంటవాళ్లను కేకేసే గొంతుతో ఒక పిలుపు వచ్చింది.

“సిస్టరమ్మా! బెడ్‌ప్యాన్!”

వార్డంతా వినబడింది. నడవలోకీ వినబడింది. బెంచీ మీద వెంకటరమణయ్య పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“పొద్దున నుంచి ఇది నాలుగోది!” అని ఆయా సణుక్కుంటూ లేచింది. “ఒకటే పిలుపు, ఒకటే పిలుపు.”

“తాగు తాగు అని పోస్తిరి గదా! తాగినాక ఆగమంటే ఎట్ల ఆగుతాది!” అంది పార్వతి, ఇంకా గట్టిగా.

“నువ్వు కూసో,” అని విశ్వాసమ్మ ఆయాను ఆపింది. ఫారం ఉదయశ్రీ చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, “వొస్తాండా ఉండమ్మా, వొస్తాండా,” అంటూ పదకొండో మంచం వైపు గబగబా నడిచింది.